పశువుల డాక్టరమ్మ

“ఈ మందును ఊళ్లోకి తెచ్చిన మహానుభావుడెవరు?”

డాక్టరు లక్ష్మీనరసమ్మ నోటి నుండి కొండబాబు విన్న మొట్టమొదటి వాక్యం అది. ఆమె ప్రశ్నను ఎవరికీ గురిపెట్టలేదు. అయినా అది నేరుగా వచ్చి అతడికే తగిలింది.

“నేనేనండి,” అన్నాడు.

ఆమె తలెత్తి చూసింది. మోకాళ్ల దాకా బురద, భుజాన తడిసిన సంచి, వాకిట్లో పడేసిన సైకిలు. మొహం మాత్రం అబద్ధం ఆడడం చేతకాని మొహం.

“ఒప్పుకున్నందుకు సంతోషం. ఇక విగ్రహంలా నిలబడకుండా ఈ మనిషిని బల్ల మీదికి ఎత్తండి.”

కోటబొమ్మాళికి రెండు మైళ్ల దూరంలోని రామన్నవలసలో, చిన్న పెంకుటింటి ఆసుపత్రి వసారాలో ఈ సంభాషణ జరిగింది. అరవై ఎనిమిదో సంవత్సరం. ఆ ఏడు పొలాల్లోకి కొత్తరకం వరి వచ్చింది. వరి వెనకే పురుగు, పురుగు వెనకే పారాథియాన్ అనే మందు వచ్చాయి. మందు ఎలా చల్లాలో రైతులకు చూపడానికి వ్యవసాయశాఖ కొండబాబును పంపింది. ఆ మధ్యాహ్నం, మందు చల్లుతూ చల్లుతూ అప్పలసూరి అనే కూలీ పొలంలోనే కూలబడ్డాడు. నలుగురు మనుషులు నులకమంచం మీద మోసుకొచ్చారు. వెనక అతడి భార్య దాలమ్మ ఏడుస్తూ వచ్చింది. ఆమె వెనక గొడుగు వేసుకుని, తొందరేమీ లేకుండా, పొలం యజమాని చినబాబు వచ్చాడు.

చినబాబు డాక్టరమ్మకు స్వయానా మేనమామ.

“ఏటీ నేదమ్మడూ,” అన్నాడాయన గొడుగు మడుస్తూ. “తాగీసినాడు. పొద్దున్న కల్లుపాక కాడ సూసినోళ్లున్నారు. కాసింత మజ్జిగ పోయించు, సాయంత్రానికి లెగుస్తాడు.”

“అబద్ధం బాబుగోరూ!” దాలమ్మ ఏడుపు ఠక్కున ఆగింది. “అంబలి తాగి ఎల్లినాడు. కల్లు మానీసి ఏడాదయినాది. కొత్తమ్మతల్లి మీద ఒట్టు!”

లక్ష్మీనరసమ్మ అప్పలసూరి కనురెప్పలను వేలితో పైకెత్తింది. కంటిపాపలు ఆవగింజ కంటె చిన్నవిగా ముడుచుకుపోయి ఉన్నాయి. నోటి చివర నురగ. ఒంటినిండా చెమట. తొడల మీద చర్మం కింద కండరాలు వానపాముల్లా కదులుతున్నాయి. ఛాతీలో గురగుర, నాడి మందగమనం.

“కల్లు తాగితే కళ్లు ఇలా అవుతాయాండి?” అడిగాడు కొండబాబు మెల్లగా.

“అవ్వవు. నల్లమందు తింటే అవుతాయి. కానీ నల్లమందు తిన్నవాడి ఒళ్లు ఇలా ఊటబావిలా ఊరదు, కండరాలు ఇలా అదరవు. ఇది మీ మందే, డిమాన్‌స్ట్రేటరుగారూ.” ఆమె వెనక్కి తిరిగి కేక వేసింది. “గున్నమ్మా! అట్రోపిన్! సబ్బు, నీళ్లు, కత్తెర! బట్టలన్నీ తీసి అవతల పారెయ్యండి!”

గున్నమ్మ ఆ ఆసుపత్రి నర్సు. నడివయసు మనిషి, నోరూ చెయ్యీ సమానంగా ఆడే మనిషి. సూది చేతికిచ్చి చెవిలో చెప్పింది. “అలమారాలో గుప్పెడు కూడా నేవమ్మా.”

“ఉన్నవి ముందు తే.”

మొదటి సూది వెళ్లింది. నురగ తుడిచి, తలను పక్కకు తిప్పి పట్టుకున్నారు. మరో సూది. కొండబాబు సబ్బునీళ్లతో అప్పలసూరి వీపు రుద్దుతున్నాడు. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకున్నాకే రుద్దమని ఆమె ఆజ్ఞ.

“ఈ మందు ఏం చేస్తుందండి?”

“మీ విషం ఒంట్లో ప్రతి ఊటనూ తెరిచి వదిలేసింది. ఇతడు గట్టు మీద పడుకుని తన ఊపిరితిత్తుల నీళ్లలోనే మునిగిపోతున్నాడు. ఇది ఆ ఊటలను ఎండగడుతుంది.”

“ఎంతవరకు ఇవ్వాలి?”

“దాహమని అడిగేవరకు.”

కాని దాహానికి ముందే మందు అయిపోయింది. గున్నమ్మ ఖాళీ అట్టపెట్టెను బోర్లించి చూపించింది. టెక్కలి వెళ్లే బస్సు సాయంత్రానికి గాని లేదు. శ్రీకాకుళం సంగతి చెప్పనే అక్కర్లేదు.

“పశువుల ఆసుపత్రిలో ఉంటుందండి,” అన్నాడు కొండబాబు.

అందరూ అతడి వైపు తిరిగారు.

“కోటబొమ్మాళి సంత పక్కన. కిందటి వారం అక్కడి సూరయ్యగారు ఒక ఎద్దుకు ఇదే పొడిచారు. సీసా మీద పేరు చదివాను. నాకు పేర్లు చదివే రోగం ఉంది.”

“పశువుల మందా!” చినబాబు పెద్దగా నవ్వాడు. “నా కూలోడికి ఎద్దు మందు పొడుస్తావా అమ్మడూ? నీ కాన్వెంటు దొరసానులు ఇదేనా నేర్పింది?”

లక్ష్మీనరసమ్మ ఒక్క క్షణం అప్పలసూరి పెదవుల నీలిరంగును చూసింది.

“ఉప్పు ఎద్దు నోట్లో వేసినా ఉప్పే, మనిషి నోట్లో వేసినా ఉప్పే మావయ్యా. ఎంత వెయ్యాలో లెక్క నాకు తెలుసు.” ఆపైన కొండబాబు వైపు చూసింది. “మీరింకా ఇక్కడే ఉన్నారేం?”

అతడు అప్పటికే సైకిలెక్కాడు.

వాన అప్పుడే అందుకుంది. ఉత్తరాంధ్ర వాన పిలవని పేరంటానికి వచ్చి అందరికంటె ముందు పీట వేసుకుంటుంది. దారి కనబడలేదు, కొండబాబు దారిని చూడనూలేదు. సంత పక్కన పశువుల ఆసుపత్రిలో సూరయ్య బీడీ కాల్చుకుంటున్నాడు.

“దేనికి?”

“అట్రోపిన్ సీసా కావాలి సూరయ్యగారూ. పురుగుమందు తగిలింది.”

“ఎద్దుకా, దున్నపోతుకా?”

“మనిషికి.”

సూరయ్య బీడీ పారేశాడు. “కాగితం ఏటైనా తెచ్చినావా?”

“ఈ వానలో ఏ కాగితం నిలుస్తుందండి?”

సూరయ్య లోపలికి వెళ్లి సీసా తెచ్చి గుడ్డలో చుట్టి ఇచ్చాడు. “ఎవుడైనా అడిగితే దున్నపోతుకని సెప్తాను. నీకూ నాకూ గొడవుండదు.”

“వద్దండి. మనిషికనే చెప్పండి. అతడు బతుకుతాడు, బతికినవాణ్ణి దున్నపోతని ఎలా అంటాం?”

అతడు తిరిగి వచ్చేసరికి ఆమె వసారా మెట్టు మీద నిలబడి ఉంది. అతడి కోసం కాదు, సీసా కోసం. సీసాను వెలుతురుకెత్తి పట్టి, పేరూ బలమూ పెదవులతో చదివి, మనసులో లెక్క వేసుకుని, సిరంజిలోకి ఎక్కించింది. ఆ సమయంలో ఆమె చెయ్యి చూసినవాడెవడూ ఆ చెయ్యి మరిచిపోలేడు. అది వణకలేదు. మరిచిపోకూడదని కొండబాబు అప్పుడే నిశ్చయించుకున్నాడు.

కొంతసేపటికి గురగుర తగ్గింది. పెదవులకు రంగు తిరిగింది.

“దాహం,” అన్నాడు అప్పలసూరి.

దాలమ్మ రెండు చేతులూ ఎత్తి మొక్కింది. గున్నమ్మ ముక్కు చీదుకుంది. లక్ష్మీనరసమ్మ మొదటిసారి నవ్వింది. ఆ నవ్వు ఎవరి వాటాకు రావాలో తెలియక నేరుగా కొండబాబు మీద పడింది.

“మీ మందు ఓడిపోయింది.”

“ఎద్దు మందు గెలిచిందండి.”

“ఎద్దు మందు కాదు.”

“సరే. మీరు గెలిచారు.”

కాని గెలుపు తొందరపాటు మాట. దీపాలు పెట్టే వేళకు అప్పలసూరి మళ్లీ చెమటలు పోశాడు. పాపలు మళ్లీ ముడుచుకున్నాయి. ఆమె మళ్లీ సూది వేసింది, తేరుకున్నాడు. కాసేపట్లో మళ్లీ జారాడు.

“ఇలా జరగకూడదు,” అంది ఆమె తనలో. “ఒళ్లు కడిగాం. బట్టలు తీశాం. విషం కొత్తగా ఎక్కడినుంచి వస్తున్నది?”

కొండబాబు మంచం తలాపున వంగి ముక్కు ఎగబీల్చాడు. “డాక్టరుగారూ, ఇక్కడెవరైనా వెల్లుల్లి దంచారా?”

“ఇది ఆసుపత్రి. వంటిల్లు కాదు.”

“అయితే మా మందు ఇంకా ఇక్కడే ఉంది. దాని వాసన ఇదే.”

ఇద్దరూ ఒకేసారి అప్పలసూరి తలను పైకెత్తారు. తల కింద, నాలుగు మడతలు పెట్టిన తలగుడ్డ. తడిగా, పసుపుపచ్చగా. పొద్దున్న మందు చల్లే పంపు కారితే ఆ గుడ్డతోనే తుడిచాడు. నలకలు పడకుండా మందును ఆ గుడ్డతోనే వడపోశాడు. పని చేస్తూ దాన్నే మళ్లీ తలకు చుట్టుకున్నాడు.

దాలమ్మ బిత్తరపోయింది. “మొగోడి తలగుడ్డ కింద పడీకూడదమ్మా. పడితే ఆడి ఆయుస్సు తగ్గిపోతాదని మా అత్త సెప్పీది. అందుకే మీరు పారీసినప్పుడు తీసి... తల కిందెట్టినాను. నానే సంపీసినానా అమ్మా?”

“నువ్వు చంపలేదు. ఎవరూ చంపలేదు, ఇతడు చావడు గనక.” లక్ష్మీనరసమ్మ గొంతు మొదటిసారి మెత్తబడింది. “పారేసిన బట్టలు లెక్క చూసుకోవలసింది నేను. కత్తెర ఎక్కడ? జుట్టు తీసెయ్యాలి.”

కత్తెర కొండబాబు అందుకున్నాడు. అప్పలసూరి గిరజాల జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలింది.

“వ్యవసాయ కళాశాలలో క్షవరం కూడా నేర్పుతారా?” అంది ఆమె, సబ్బునీళ్లు పోస్తూ.

“వరికోత ఒక్కటే నేర్పారండి. మొదలంటా కోస్తే గింజ రాలదు.”

“గట్టు మిగిల్చారు, ఆ చెవి పక్కన.”

“గట్టు లేకపోతే పొలం ఎవరిదో తెలియదు కదండీ.”

ఆ గుడ్డను పెరట్లో గొయ్యి తీసి పూడ్చారు. అప్పలసూరి ఆ తరవాత మళ్లీ జారలేదు.

లక్ష్మీనరసమ్మ ఉంటున్నది మేనమామ ఇంట్లోనే. మరునాడు పొద్దున్న కాఫీ గ్లాసు చేతికిస్తూ చినబాబు అసలు సంగతి ఎత్తాడు.

“అమ్మడూ, కల్లు ఎక్కువై పడిపోయాడని రాసీ. అంతే.”

“ఎందుకు?”

“ఎందుకేటి? మందు వల్లనంటే రేపటి నుంచి ఒక్క కూలోడు నా పొలంలో దిగడు. ఆడికి నానే తిండెట్టాలంటారు. జిల్లాలో మొదటి పంట నాదే రావాలని పెద్ద పెద్దోళ్లకు మాటిచ్చీసినాను. నీకీ ఊరికి ఉజ్జోగం ఎవరేయించినారు? మా గుంటడికి నిన్ను సేసుకుందామని మీ అమ్మకు ఏనాడో సెప్పీసినాను. రేపు ఆ పొలం నీది కాదేటి?”

“మావయ్యా, కల్లు తాగినవాడి కళ్లు ఎలా ఉంటాయో నాకు పుస్తకం చూడకుండానే తెలుసు. బావ కళ్లు రోజూ చూస్తున్నాను. అవి అప్పలసూరి కళ్లలా లేవు.”

చినబాబు చేతిలో గ్లాసు గట్టిగా కింద పెట్టాడు. “నా ఇంట్లో ఉండి నన్నే అంటావేటే?”

“అందుకే ఉండను.”

ఆమె ట్రంకుపెట్టె తీసుకుని వీధిలోకి వచ్చింది. ఎండ కాస్తున్నది; ఊరంతా చూస్తున్నది. అరుగుల మీద ఆడవాళ్లు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. ఎదురుగా కొండబాబు సైకిలు దిగాడు.

“పెట్టె బరువుగా ఉన్నట్టుంది.”

“మోయగలను.”

“మోయగలరని నాకు తెలుసు. సైకిలుకు కూడా ఒక గౌరవం కావాలి కదాండి?”

ఆమె పెట్టెను క్యారియరు మీద పెట్టింది. అతడు ఆసుపత్రి వైపు సైకిలు నడిపించాడు. ఆమె పక్కన నడిచింది. వీధి చివర దాకా అలాగే వెళ్లారు. ఆ ఊరికి అదే చాలు. సాయంత్రానికి కథ తయారైంది. డాక్టరమ్మ మావయ్యను తన్ని వచ్చేసిందట. పల్లెకారుల కుర్రాడితో లేచిపోతున్నదట. అన్నిటికీ మించి, మనిషికి ఎద్దు మందు పొడిచిందట.

పశువుల డాక్టరమ్మ. పేరు అలా పడింది.

ఆసుపత్రికి వచ్చేవాళ్లు పలచబడ్డారు. ఒకరోజు చినబాబు పాలేరు లక్ష్ముడు వసారా ముందు నిలబడి, తనతో వచ్చిన వాళ్లను నవ్వించడానికి, “డాక్టరమ్మా, మా దూడ మేత ముట్టడం నేదు, తోలుకొచ్చీమంటారా?” అన్నాడు.

“తోలుకురా. ముందు నాలుక చూపించు.”

“దూడ ఇంటికాడుంది కదమ్మా?”

“దూడది కాదు, నీది. పసుపుపచ్చగా ఉన్నాయి నీ కళ్లు. కామెర్లు. ఇలా కూర్చో.”

నవ్వులు ఆగిపోయాయి. లక్ష్ముడు బుద్ధిగా నాలుక చాపాడు. మందు తీసుకుని వెళుతూ దణ్ణం కూడా పెట్టాడు.

ఆమెను బాధ పెట్టింది ఆ పేరు కాదు. కొండబాబు ఇటు రావడం మానేశాడు. గున్నమ్మ ఒక సాయంత్రం ఆ సంగతి కూడా మోసుకొచ్చింది.

“నిన్నా మొన్నా చినబాబుగోరి అరుగు మీదే ఉన్నాడమ్మా. జీడిపప్పులెట్టినారట ఆడికి.”

మరునాడు అతడు ఆసుపత్రి ముందు సైకిలు ఆపితే ఆమె చదువుతున్న పుస్తకం నుంచి తలెత్తలేదు.

“చినబాబుగారి మనిషికి ఇక్కడేం పని?”

“డాక్టరుగారూ, నేను...”

“జీడిపప్పు అరక్కపోతే సోడా పొడి ఉంది. గున్నమ్మ ఇస్తుంది.”

అతడి మొహం ఎర్రబడింది, కాని కోపంతో కాదు. “రేపు శ్రీకాకుళం నుంచి పెద్ద ఆఫీసరు వస్తున్నారు. మీ మామయ్యగారు ఫిర్యాదు పెట్టారు. రేపు నేను మాట్లాడతాను. అది విన్నాక కూడా సోడా పొడే ఇస్తానంటే, తీసుకుంటాను.”

ఆఫీసరు జీపులో వచ్చాడు. ఆసుపత్రి వసారాలోనే కుర్చీ వేశారు. వాకిలి నిండా జనం. చినబాబు ఇస్త్రీ మడతల కండువాతో వచ్చి, చెప్పదలచుకున్నది గొంతెత్తి చెప్పాడు.

“అయ్యా, ఈవిడ నా మేనకోడలే. అయినా న్యాయం న్యాయమే. తాగి పడిపోయినోణ్ణి పట్టుకుని విషమంది. దానికి తోడు పశువులకేసే మందు మనిషికి పొడిచింది. ఊరు ఊరంతా సాక్ష్యం.”

ఆఫీసరు కళ్లజోడు సవరించుకున్నాడు. “డాక్టర్, పశువుల ఆసుపత్రి మందు ఇచ్చిన మాట నిజమేనా?”

“నిజమే.”

“అది నిబంధనలకు విరుద్ధమని తెలుసా?”

“తెలుసు. నిబంధనలు బతికి ఉన్న రోగికోసం రాస్తారనుకున్నాను. రోగి బతికున్నాడు కనుకనే ఈరోజు మనం నిబంధనల గురించి మాట్లాడుకుంటున్నాం. మళ్లీ ఇలాంటి రోగి వచ్చి, మళ్లీ ఈ అలమారా ఖాళీగా ఉంటే, మళ్లీ అదే తెప్పిస్తాను. మీరు నన్ను తీసెయ్యవచ్చు. కాని ఆ రోజు నేను చూసిన కళ్లను కల్లు తాగిన కళ్లని మాత్రం నా చేత చెప్పించలేరు.”

“ఎర్రజెండా మాటలు!” అన్నాడు చినబాబు.

అప్పుడు కొండబాబు ముందుకు వచ్చాడు.

“అయ్యా, మందు ఈ ఊరికి తెచ్చింది నేను. దానితోపాటు రబ్బరు తొడుగులు, ముక్కుకు కట్టుకునే ముసుగులు, ఒక పెట్టెడు తెచ్చాను. అవి లేకుండా మనిషిని పొలంలో దించకూడదని చినబాబుగారికి చెప్పాను. ఆయన సరేనన్నారు. అప్పలసూరి పడిపోయిననాడు అతడి చేతులకు ఏమీ లేవు. ఆ పెట్టె కోసమే ఆయన అరుగు మీద కూర్చున్నాను. పెట్టె ఇవ్వలేదు. నోరు మూసుకుంటే ప్రమోషను ఇప్పిస్తానన్నారు. తెరిస్తే ఏజెన్సీకి బదిలీ చేయిస్తానన్నారు. జీడిపప్పు మాత్రం పెట్టారు. నేను ముట్టలేదు.”

ఆఖరి మాట అంటున్నప్పుడు అతడు ఆఫీసరు వైపు చూడలేదు.

“పెట్టె ఏమైంది చినబాబుగారూ?” అడిగాడు ఆఫీసరు.

చినబాబుకు కోపం వచ్చింది. కోపంలో మనిషి నిజమే మాట్లాడతాడు. “ఏటవుతాది? భోషాణంలో దాచినాను! సీమ సరుకది, ఎంత ఖరీదో తెలుసా? కూలోళ్ల చేతికిచ్చి బురదలో పాడు సెయ్యమంటారా?”

జనంలోంచి బోడిగుండుతో, చెవి పక్కన చిన్న కుచ్చుతో అప్పలసూరి లేచాడు. ఇంకా కర్ర ఊతంతోనే నిలబడుతున్నాడు.

“బాబుగోరూ,” అన్నాడు, “తొడుగులు పాడైపోకూడదు. నాను పాడైపోతే ఫరవాలేదేటి?”

చినబాబు కండువా సవరించుకున్నాడు. సవరించుకోవలసింది అందులో ఏమీ లేదు. దాలమ్మ వచ్చి మొగుడి పక్కన నిలబడింది. ఆమె వెనక పొలంపని చేసే ఆడవాళ్లంతా, ఎవరూ పిలవకుండానే, ఒక్కొక్కరే లేచారు.

“తొడుగులు నేకుండా ఆ మడిలో మా మొగోళ్లు దిగరు,” అంది దాలమ్మ. “మేమూ దిగం. పంట మీరే కోసుకోండి.”

ఆఫీసరు మామూలుగా నెమ్మదస్తుడు. ఆరోజు నాలుగు మాటలే చెప్పాడు. పెట్టె ఇప్పుడే తెప్పించమన్నాడు. అప్పలసూరి కోలుకునేదాకా ఆ ఇంటి తిండి చినబాబుదన్నాడు. ఈ ఆసుపత్రి అలమారాలో అట్రోపిన్ నిండుగా ఉండే ఏర్పాటు తనదన్నాడు. జీపు ఎక్కబోతూ డాక్టరు వైపు తిరిగి, “నిబంధన ప్రకారం మీకు హెచ్చరిక ఇవ్వాలి. ఇచ్చానని అనుకోండి,” అన్నాడు.

జనం కదిలారు. వసారాలో ఇద్దరే మిగిలారు. లోపల గున్నమ్మ ఉన్నది గాని, ఆమె తలుపు వెనక నిశ్శబ్దంగా ఉండడం తన పుట్టుకలో అదే మొదటిసారి.

“చినబాబుగారి మనిషి అన్నాను మిమ్మల్ని,” అంది లక్ష్మీనరసమ్మ. “అన్యాయంగా అన్నాను.”

“సోడా పొడి కూడా ఇస్తానన్నారు.”

“అదీ తప్పే. మరి ఆవేళే ఎందుకు చెప్పలేదు?”

“మీకొక్కరికే చెబితే అది సంజాయిషీ. అందరి ముందు చెబితే సాక్ష్యం. మీకు కావలసింది సాక్ష్యమని తెలుసు. అయితే ఇప్పుడు నేనెవరి మనిషినో తేలలేదు. మీరే తేల్చాలి.”

ఆమె చటుక్కున కిటికీ వైపు చూసింది. సూది పట్టినప్పుడు వణకని వేళ్లు ఇప్పుడు స్టెతస్కోపు గొట్టాన్ని ముడి వేస్తున్నాయి.

“నా మనిషి అనడానికి నాకు భయం లేదు. వినడానికి మీకుందా?”

“ఉందండి.” అతడు నిజాయితీగా అన్నాడు. “మాది భావనపాడు. సముద్రం మీద బతికేవాళ్లం. మా అమ్మ అసిరమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా చేపలమ్ముతుంది. మీరు రైతు బిడ్డలు. మీకు బావ ఉన్నాడు, పొలం ఉంది, మేనరికం ఉంది.”

“నేను అడిగింది మీ అమ్మగారి వృత్తి కాదు. మీకు ధైర్యం ఉందా అని.”

“ఏజెన్సీకి బదిలీ అయితే?”

“అక్కడ మనుషులకు జబ్బులు రావా?”

తలుపు వెనక గున్నమ్మ ఇక ఓర్చుకోలేకపోయింది. “ఓలమ్మ! ఒప్పుకోవయ్యా బావూ, నాకవతల పనుంది!”

చినబాబు ఓడినవాడే గాని, ఊరుకున్నవాడు కాదు. గజపతినగరంలో ఉన్న తన అక్క లక్ష్మణమ్మకు కబురు పంపాడు. లక్ష్మణమ్మ భర్త పోయాక మెట్టసేద్యం తన చేతి మీదే చేయించి, బంధువులంతా వద్దంటున్నా కూతురిని విశాఖపట్నం కాన్వెంటులోనూ, ఆపైన వైద్యకళాశాలలోనూ చదివించిన మనిషి. మాట తక్కువ, మాట అంటే తిరుగులేదు. ఆమె పాసింజరు బండిలో కోటబొమ్మాళి స్టేషనులో దిగేసరికి ప్లాటుఫారం మీద తమ్ముడు ఒక పక్క, కూతురు ఒక పక్క, కూతురికి కాస్త ఎడంగా ఒక కొత్త కుర్రాడు నిలబడి ఉన్నారు.

చినబాబు ముందు అందుకున్నాడు. “అప్పా, నీ కూతురు మన పరువు నూతిలో పడీసింది. ఊరందరి ముందు మేనమామను దోషిని సేసింది. ఎద్దు మందు పొడిచి పశువుల డాక్టరమ్మ అనిపించుకుంది. సాలక, ఇదుగో, చేపలమ్మే దాని కొడుకుని సేసుకుంటాదట! నా మాట ఇను. ఇప్పుడైనా మా గుంటడికిచ్చి చేసీ. నాను చమిస్తాను.”

లక్ష్మణమ్మ సంచి కింద పెట్టింది. కూతురిని చూసింది.

“ఆ కూలోడు బతికినాడా?”

“బతికాడమ్మా.”

“ఆడు తాగినాడా?”

“లేదు.”

లక్ష్మణమ్మ తమ్ముడి వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. “ఒరే చినబాబూ, మెట్టలో ఉలవలు పండించి దీనికి చదువు చెప్పించినాను. అది నీకు దొంగసాక్షం చెప్పడానికి కాదురా. మేనరికం అన్నావు. మేనమామ అంటే తల్లి తరవాత తల్లి. తల్లి అబద్ధం ఆడమంటుందేటి? నువ్వు చమించీదేటి, ముందు ఆ కూలోడింటికెళ్లి చమాపణ అడుగు. అప్పుడు నీ గడప తొక్కుతాను.”

చినబాబు గొడుగు చంకలో పెట్టుకుని, ఎండలోనే, దాన్ని తెరవడం మరిచిపోయి వెళ్లిపోయాడు.

అప్పుడు ఆమె కొండబాబును పైనుంచి కిందిదాకా చూసింది. కోడెను కొనేవాళ్లు కూడా అంత శ్రద్ధగా చూడరు.

“నువ్వేనేటి బావూ?”

“నేనేనండి.”

“మీ అమ్మ ఎక్కడుంటాది?”

“భావనపాడులోనండి.”

“బస్సుందా?”

“ఉందండి. కాని...”

“కానేటి? పిల్ల తల్లిని. నానే వెళ్లి అడగాలి. నడు.”

కొండబాబు తల గోక్కున్నాడు. ఆఫీసరు ఎదుట తడబడని గొంతు ఇప్పుడు తడబడింది. “మా అమ్మ ఒప్పుకోదేమోనండి.”

“ఏటి?” ఈసారి లక్ష్మణమ్మకు కోపం వచ్చింది. “నా కూతురికేటి తక్కువ? డాక్టరు!”

“డాక్టరని కాదండి. నిన్న చెప్పాను అమ్మకు. ఒక్కటే అడిగింది. మెట్టరైతుల పిల్లకు చేప ముల్లు తియ్యడం తెలుసా అని. తెలియదన్నాను. అయితే ఆ పిల్ల మా ఇంట్లో ఆకలితో సచ్చిపోతాదిరా అంది.”

లక్ష్మణమ్మ ఒక క్షణం ఆలోచించి తల ఊపింది. ఆ ప్రశ్న ఆమెకు న్యాయంగానే తోచింది. “అదొక లెక్కా? నేర్చుకుంటాది.”

“నేర్చుకోను,” అంది లక్ష్మీనరసమ్మ.

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

“మనిషి ప్రాణం పోకుండా కాపాడడం నేర్చుకున్నాను. అది చాలు. ముళ్లు ఆయన తీస్తాడు, నేను తింటాను. ఈ మాట మీ అమ్మగారికి నేనే చెబుతాను. బస్సు ఎన్నింటికి?”

కొండబాబు పకపక నవ్వాడు. లక్ష్మణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గాని, ఆ నవ్వు కొంగుకు ఆగేది కాదు. ఆమె తన సంచి తీసి కాబోయే అల్లుడి చేతికిచ్చి, ఇద్దరికంటె ముందు నడిచింది.